కొమ్ము లేని తలుపు

అమ్మాజీకి తరగతి గదిలోకి తలుపులోంచి వచ్చే అలవాటు ఉండేది. సోమవారం నుంచి ఆ అలవాటు పోయింది. ఇప్పుడామె వరండా చివరిదాకా నడిచి, మలుపు తిరిగి, ఊచలు లేని వెనక కిటికీ కింద ఆయా సత్తెమ్మ వేసి ఉంచిన ఎత్తుపీట ఎక్కి, కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి లోపలున్న పిల్లలకు అందించి గదిలోకి దిగుతోంది. యాభైయారేళ్ళ టీచరు అలా దిగడం చూసి ఒకటో తరగతి పిల్లలు మొదటిరోజు నవ్వారు. మర్నాటి నుంచి ఆమె చేతిసంచీని ముందుగా అందుకోవడం నేర్చుకున్నారు.

కిటికీకి అంటించిన చీటీ ప్రణతి రాసింది. రెండు గుళ్ళూ ఒక గుడిదీర్ఘమూ ఎక్కడివక్కడ ఉన్నాయి కనుక కిటికీ కిటికీగానే మిగిలింది. తలుపు చీటీ పోయిన శనివారం స్టెఫీ రాసింది. దాని మీద ‘తలపు’ అని ఉంది. లకు కొమ్ము లేదు.

ఫిల్మ్ నగర్ ఏటవాలులో, షూటింగుల క్యారవాన్లు వరసగా ఆగే సందు చివర ఉన్న ఆ చిన్న బడిలో ఒకటో తరగతి గది సంగతి అందరికీ తెలిసిందే. పిల్లలు తమ చేత్తో పేరు రాసి ఏ వస్తువుకు అంటిస్తే ఆ వస్తువు రాసిన మాటకు కట్టుబడి ఉంటుంది. పెద్దల చేతిరాతను ఆ గది లెక్కచేయదు. తప్పు రాస్తే, రాసినవాళ్ళే దిద్దాలి.

ఇదంతా తెలిసి కూడా ప్రిన్సిపాల్ రష్మి, శిక్షణ తరగతుల నుంచి వచ్చిన ప్రతిసారీ, పిల్లలకు చుట్టూ అక్షరాలే కనిపించాలని పట్టుబట్టేది. అమ్మాజీ అట్టముక్కలు కత్తిరించి ఇచ్చేది, పిల్లలు రాసేవారు. జూన్‌లో రిత్విక్ చాపకు ఏత్వం ఇచ్చాడు. నేలమీద పరిచిన చాప చేపై గిలగిలా కొట్టుకుంది. వాడు ఆ ఏత్వాన్ని దీర్ఘంగా దిద్దేదాకా సత్తెమ్మ బిందెలతో నీళ్ళు పోస్తూనే ఉంది. ఆగస్టులో ఇంకెవరో బల్లకు గుడి పెట్టారు. అది నాలుగు కాళ్ళతో గోడెక్కి పైకప్పుకు అతుక్కుంది.

"అడ్మిషన్లు ఇంకా అయిపోలేదండీ, అమ్మాజీ గారూ. పేరెంట్స్ వచ్చి చూస్తే పైన అంత బల్లి! గోడలు మాట్లాడాలి అన్నాను కానీ..." అంది రష్మి.

"మాట్లాడితే పరవాలేదు మేడమ్. పాకుతున్నాయి," అంది అమ్మాజీ.

చేపకూ బల్లికీ ఆమె అలవాటు పడింది. తలపుకు మాత్రం పడలేకపోయింది. గడప దాటబోయిన మనిషికి పోయినవాళ్ళలో ఒకరు తలపుకు వస్తారు. వచ్చాక కదలనివ్వరు. ఇంకా ఎవరినీ పోగొట్టుకోని పిల్లలు ఎప్పటిలాగే పరిగెత్తుకుంటూ లోపలికి వచ్చేస్తున్నారు. తాతో అమ్మమ్మో పోయినవాళ్ళు కాసేపు ఆగి వస్తున్నారు. దారికి అడ్డమంతా పెద్దవాళ్ళే.

మొదట చిక్కుకున్నది సత్తెమ్మ. చీపురుతో సహా గడప మీదే నిలబడిపోయి, చాలాసేపటికి ముక్కు చీదుకుంటూ లోపలికి వచ్చింది.

"మా అత్త యాదికొచ్చిందమ్మా. బతికున్నన్ని దినాలు ఒక్క మాట మంచిగ అనలే. సచ్చినంక గింత ముద్దుగ అనిపిస్తుందేంది?"

రష్మి తనిఖీకి వచ్చి, గంట కొట్టేదాకా అక్కడే ఆగిపోయింది. తనకు ఓనమాలు దిద్దించిన పంతులమ్మ వచ్చిందట. కాటుక తుడుచుకుని, "దీన్ని వెంటనే రెక్టిఫై చేయించండి," అని వెనక్కి తిరిగింది. వెనక్కి తిరిగేటప్పుడు కూడా కాసేపు ఆగింది.

అమ్మాజీ ఆ గడప తొక్కలేదు. నిరుడు వానాకాలంలో ఆమె భర్త సూర్యప్రకాశరావు పోయారు. ఆస్పత్రిలో గడిచిన ఆఖరి రోజులను, ఆ గొట్టాలను, ఆ యంత్రం చప్పుడును, గాజుతలుపు అవతల తాను నిలబడిన నిలుపును ఆమె ఏడాదిపాటు శ్రమపడి ఒక మూలకు నెట్టింది. ఒక కొమ్ము లేనందువల్ల అవన్నీ మళ్ళీ ఎదురుగా వచ్చి నిలబడటం ఆమెకు సమ్మతం కాలేదు. తానే ఒక కొమ్ము గుండ్రంగా, ముచ్చటగా పెట్టి చూసింది. తెల్లారేసరికి అది చీటీ మీంచి జారి గడప దగ్గర పడి ఉంది. సత్తెమ్మ దాన్ని చెత్తతోపాటు ఊడ్చేసింది.

ఇక మిగిలింది స్టెఫీ. ఆ పిల్లకు ఏడేళ్ళు. తండ్రి ఏసుకుమార్ నడిపే కాస్ట్యూమ్ వ్యానులో సరదాగా వెళ్ళి, ఎవరి కంటనో పడి, ఇప్పుడు సినిమాల్లో బేబీ స్టెఫీ అయింది. నెలలో సగం రోజులు బడికి రాదు. వచ్చిన రోజున పుస్తకం తెరిచి చదవమంటే వినయంగా లేచి నిలబడి, "మీరు ముందు చెప్పండి టీచర్, అదే ఫీల్‌తో చెప్పేస్తాను," అంటుంది. చెప్తే నిజంగానే చెప్పేస్తుంది. అందుకే ఆ పిల్లకు చదవడం రాదని అమ్మాజీ నిశ్చయం.

సోమవారమే ఆమె స్టెఫీ తల్లి ప్రేమకుమారికి ఫోన్ చేసింది.

"మీ అమ్మాయిని ఒక్క పూట పంపండి. కొమ్ము పెట్టి వెళ్ళిపోతుంది."

"వందనాలండీ టీచర్ గారూ. కొమ్మేంటండీ?"

"లకు కొమ్మండీ. తలుపులో ల."

అవతల ఎవరో లైట్ల గురించి అరుస్తున్నారు. "జూబ్లీహిల్స్‌లో ఇల్లు తీసుకుని చేస్తున్నారండీ. యూనిట్ మొత్తం ఇక్కడే ఉంది. ఒక్క కొమ్ము కోసం షూటింగ్ ఆపమంటారా?"

"చిన్న కొమ్మేనండీ. దీర్ఘం కూడా లేదు."

"మీరే పెట్టేయండీ. నేనేమీ అనుకోను."

మర్నాడు ఫోన్ చేస్తే స్టెఫీ మేకప్‌లో ఉంది. ఆ మర్నాడు నిద్రపోతోంది. తరువాతి రోజు ప్రేమకుమారే ముందుగా మాట్లాడింది.

"మీరింక ఫోన్లు చేయనక్కర్లేదండీ. వచ్చే నెల నుంచి వరసగా డేట్స్ ఇచ్చేస్తున్నాం. శనివారం వచ్చి టీసీ తీసేసుకుంటాం. చదువంటారా, సెట్‌లో ఎవరో ఒకరు చెప్తారు."

"ఎవరు చెప్తారండీ?"

"చెప్పేవాళ్ళు లేకుండానే దానికి అన్ని డైలాగులు వస్తున్నాయాండీ?"

అమ్మాజీ ఫోన్ పెట్టేసింది. ఇప్పుడు బడి మానితే ఆ పిల్ల జన్మంతా ఇంకొకరు ముందు చెప్పింది వెనక చెప్తూనే బతుకుతుంది. ఈ సంగతి తల్లికి అర్థమయ్యేలా చెప్పే మాట ఆమెకు దొరకలేదు. కోపం మాత్రం దొరికింది. ఆ కోపంతోనే మర్నాడు కిటికీలోంచి దూకి, కాలు బెణికించుకుంది.

శనివారం పిల్లలందరూ వెళ్ళిపోయాక ప్రేమకుమారి వచ్చింది. స్టెఫీ ముఖాన మేకప్ ఇంకా పూర్తిగా పోలేదు. టీసీ చేతిలో పట్టుకుని రష్మి వరండాలో నిలబడింది. కొమ్ము పెడితేనే సంతకమని ఆమె షరతు. అమ్మాజీ గడపకు ఇవతల, గదిలోనే ఉండిపోయింది.

"ఇదిగో మార్కర్," అని అక్కడి నుంచే అందించింది. "ల ఏదో తెలుసా? మధ్యలోది. దానికి కొమ్ము మర్చిపోయావు."

స్టెఫీ మార్కర్ తీసుకుంది కానీ మూత తీయలేదు.

"మర్చిపోలేదు టీచర్. పెట్టలేదు."

"అంటే?"

"నేను తలుపు రాయలేదు. తలపే రాశాను."

రష్మి వంగి చీటీని కొత్తగా చూసింది.

"తలపంటే ఏంటో నీకెవరు చెప్పారే?" అంది ప్రేమకుమారి.

"సినిమాలో నా డైలాగ్ కదమ్మా, నా తలపే నీకు రాలేదా అని. డైరెక్టర్ అంకుల్‌ని అడిగాను. గుర్తుకు రావడం అన్నారు. స్పెల్లింగ్ నేనే ఆలోచించుకున్నాను, తలుపులో కొమ్ము తీసేస్తే వచ్చేసింది." తరువాత గొంతు తగ్గించి టీచరుతో చెప్పింది. "షూటింగ్‌కి వెళ్తే ఇక్కడెవరికీ గుర్తుండట్లేదు. మొన్న రిత్విక్ నా చోట్లో కూర్చుని, నువ్వెవరు అన్నాడు. అందుకని రాశాను. తలుపు దాటినప్పుడల్లా నేను గుర్తొస్తానని."

వరండా ఊడుస్తున్న సత్తెమ్మ చీపురు కిందపెట్టింది.

"గుర్తొచ్చానా?" అని స్టెఫీ ఆమెనే అడిగింది.

"నాకు మా అత్త వచ్చిందే బిడ్డా. ఏం జేయాలె. సచ్చినా ఇడుస్తలేదు."

"మేడమ్, మీకు?"

రష్మి టీసీ వంక చూసుకుంది.

"మీకు, టీచర్?"

"నేను దాటితే కదా!" అంది అమ్మాజీ. విసుగంతా ఒక్కసారిగా పైకొచ్చింది. "నువ్వు గుర్తు రావడానికి నాకు తలపులూ తలుపులూ ఎందుకే? సోమవారం నుంచి నీ మీద విసుక్కుంటూ లేస్తున్నాను, నిన్ను తిట్టుకుంటూ పడుకుంటున్నాను. అన్నం దగ్గర కూడా నీ కొమ్మే. నీ వల్ల కిటికీలు దూకుతున్నాను, ఈ వయసులో!"

స్టెఫీ ముఖం విప్పారింది. ఆ పిల్ల సినిమాలో అలా నవ్వడం ఎవరూ చూసి ఉండరు.

ప్రేమకుమారి గడియారం చూసుకుంది. "ఆ కొమ్మేదో పెట్టవే, కారు ఎదురుచూస్తోంది. ఈలోగా నీ బాటిల్, పెన్సిల్ డబ్బా తెస్తాను," అని చరచరా గడప మీదికి నడిచి, ఆగిపోయింది.

గడప మీద ఆగినవాళ్ళ కోసం ఎదురుచూడటం ఆ వారమంతా అందరికీ అలవాటయింది. సందులో కారు రెండుసార్లు హారన్ కొట్టింది. ప్రేమకుమారి చేతిసంచి భుజం మీంచి మోచేతిలోకి జారింది.

"ఎవరొచ్చారమ్మా? అమ్మమ్మా?" అంది స్టెఫీ.

"నువ్వే."

"నేనిక్కడే ఉన్నాను కదా."

"ఈ నువ్వు కాదు." ప్రేమకుమారి కూతురి వైపు తిరగలేదు. "మోతీనగర్లో ఉన్నప్పుడు వాననీళ్ళల్లో చెప్పు కొట్టుకుపోయిందని మెట్ల మీద కూర్చుని ఏడ్చావే, అప్పటి నువ్వు. కొత్తవి కొంటానన్నా ఆగలేదు. వెక్కిళ్ళు ఆగక నీళ్ళు కూడా తాగలేకపోయావు."

"పోయినోళ్ళే గద గీడ వచ్చేది..." అని సత్తెమ్మ అనబోయి, పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ మాట అందరూ విన్నారు. ప్రేమకుమారి మెల్లగా లోపలికి దిగి, పిల్లల చిన్నకుర్చీలో మోకాళ్ళు ముడుచుకుని కూలబడింది.

స్టెఫీకి భయం వేసింది. "ఏడవమంటావా అమ్మా? గ్లిజరిన్ లేకుండా కూడా వస్తుంది ఇప్పుడు. ఎంత కావాలంటే అంత."

"వద్దు," అంది ప్రేమకుమారి. "వద్దు తల్లీ."

ఫోన్ మోగింది. ఆమె కొంత మోగనిచ్చి తీసింది. "లేదండీ మేనేజర్ గారూ, ఇవాళ్టికి పంపేయండి కారుని. ఈ సినిమాకి ఒప్పుకున్న రోజులు ఇస్తామండీ. వచ్చే నెల వద్దు. ఇంకెవరినైనా చూసుకోండి. లేదండీ, ఒంట్లో బాగానే ఉంది. అమ్మాయికి బడి ఉందండీ."

రష్మి టీసీని నిలువునా మడిచి ఆఫీసు గది వైపు వెళ్ళిపోయింది.

స్టెఫీ మార్కర్ మూత తీసింది. మడమలెత్తి నిలబడి, ల కిందికి మొన తెచ్చి, ఆపింది.

"టీచర్, మీరొక్కరే దాటలేదు."

"నాకక్కర్లేదు. ముందు కొమ్ము పెట్టు."

"పెట్టేస్తే మళ్ళీ రాదు టీచర్. ఉత్త తలుపైపోతుంది."

"కావలసింది అదే కదే!"

"నిజంగా?"

అమ్మాజీ పిల్లను చూసింది, మొనను చూసింది. వారమంతా ఈ కొమ్ము కోసం ఎంత మందిని వేధించిందో తలచుకుంది. ఇప్పుడది లకు వేలెడు దూరంలో ఉంటే, ఈ పిల్ల తన వంక జాలిగా చూస్తోంది. బెణికిన కాలు నొప్పి పెడుతోంది. ఈ పిల్లతో వాదించే ఓపిక లేదు.

"సరే. రెప్పపాటే. నేను అవతలికి రాగానే పెట్టేయాలి. మళ్ళీ మాటలు చెప్పకూడదు."

"పెట్టేస్తాను టీచర్."

ఆమె గడప మీద కాలు పెట్టింది. గాజుతలుపు కోసం, గొట్టాల కోసం, ఆ యంత్రం చప్పుడు కోసం ఒళ్ళు బిగబట్టుకుంది.

ఆస్పత్రి రాలేదు. మధురానగర్ ఇంట్లో వంటగది వచ్చింది. పొద్దున్న పూట. మంచినీళ్ళ క్యాన్ గుమ్మం దగ్గర దింపి ఉంది. దాన్ని లేపి స్టాండు మీద బోర్లించాలి. ఒకవైపు ఆయన పట్టుకున్నారు, ఒకవైపు ఆమె పట్టుకుంది.

"మూడు అన్నాక ఎత్తాలి. రెండుకే ఎత్తేయకండి," అంది అమ్మాజీ.

"నేనెప్పుడు రెండుకే ఎత్తాను?"

"ఎప్పుడూ."

"సరేలే, లెక్కపెట్టు."

"ఒకటి, రెండు..."

ఆయన ఎత్తేశారు. నీళ్ళు తొణికి ఇద్దరి పాదాల మీదా పడ్డాయి. చెప్తే వినరు కదా అని విసుక్కుంటూ ఆమె పాత తువ్వాలు తెచ్చి, కింద కూర్చుని నేల తుడిచింది. ఆయన క్యాన్ మీద చెయ్యి ఆనించుకుని, ఆమె తుడవడానికి వీలుగా, ముందు ఒక పాదం ఎత్తారు, తరువాత రెండోది ఎత్తారు.