పక్కకు దూకని పిన్ను

పెద్ద వరద వచ్చిన మరుసటి ఏడు మా అబ్బాయి పోయాడు. ఇది ఆ పై ఏడు జరిగింది.

మాది ఇనుప గొట్టాల యార్డులో పని. నేను అక్కడ మేస్త్రీగా చేసి దిగిపోయాను. లారీల్లో వచ్చిన గొట్టాలను గుట్టగా పేర్చి, జారకుండా కింద చెక్కలు అడ్డం కొడతారు. వరద తీసిన మరుసటి ఏటికీ నేల గట్టిపడలేదు. చెక్కలు మట్టిలోకి దిగబడ్డాయి. గుట్ట కదిలింది. గొట్టం దొర్లి వస్తుంటే పక్కకు దూకాలి. మొదటిరోజు నేర్పేది అదే. మనిషికి మాత్రం కంటికి ఎదురుగా ఉన్న దారినే పరుగెత్తబుద్ధవుతుంది. మావాడూ అలాగే పరుగెత్తాడు. గొట్టం వాడికంటే వేగంగా వచ్చింది.

వాడి స్థానంలో అల్లుణ్ణి తీసుకున్నారు. అప్పటిదాకా గేటు దగ్గరే లారీలు చూసుకున్నాడు. సోమవారం నుంచి గుట్ట దగ్గరికి రమ్మన్నారు. ఆదివారం మధ్యాహ్నం అమ్మాయీ అతనూ ఆ మాట చెప్పడానికి మా ఇంటికి వచ్చారు. టీవీకి తగిలించే వీడియో గేమ్ వెంట తెచ్చారు. నలుగురూ కలిసి ఆడుకునే ఆటలు అందులో బోలెడున్నాయి.

ఒకటి, సీసాల్లా నిలబెట్టిన పిన్నుల్ని బంతితో పడగొట్టే బౌలింగ్ లాంటిది. ఒకరు బంతి అవుతారు. మిగతా ముగ్గురూ పిన్నులు. బంతి దొర్లుకుంటూ మీదికొస్తుంది, పిన్నులు తప్పించుకోవాలి. మా కోడలు బంతి అయింది. అమ్మాయి, అల్లుడు పిన్నులు. మూడో పిన్ను నన్ను ఆడమన్నారు. వద్దన్నాను. దాన్ని మిషనే ఆడింది.

"వదినా, ముందు ఈయన్నే గుద్దు. రేపట్నుంచి మనకి దొరకరు," అంది అమ్మాయి.

"కాచుకోండి అన్నయ్యా!" అంది కోడలు. అబ్బాయి పోయాక ఆ పిల్ల గొంతు అలా లేవడం అదే మొదలు.

బంతి వచ్చింది. అమ్మాయి బొమ్మ పక్కకు గెంతింది. అల్లుడి బొమ్మ బంతికి ముందు నేరుగా పరుగెత్తింది. గాల్లోకి ఎగిరి పడింది. నెత్తి చుట్టూ చుక్కలు తిరిగాయి. అందరూ నవ్వారు.

మళ్లీ ఆడారు. మళ్లీ అంతే.

"పక్కకు జరుగు," అన్నాను.

"మామయ్య నోరు విప్పారోయ్! ఇంట్లో కూడా మేస్త్రీగిరీయేనా? ఇది బొమ్మలాటండీ బాబూ."

"పక్కకు."

"సరే, ఈసారి చూడండి నా తడాఖా."

బంతి కదిలింది. అల్లుడి ఒళ్లంతా పక్కకు ఒరిగింది. బొటనవేలు మాత్రం ముందుకే నొక్కింది.

అమ్మాయి పడీపడీ నవ్వుతోంది. కోడలి నవ్వు వినపడలేదు. చూశాను. రిమోట్ ఒళ్లో పెట్టేసుకుంది.

"అన్నయ్యా, రేపు మీరు గుట్ట దగ్గరికి వెళ్లకండి," అంది.

"అదేంటమ్మా, ఆటలో ఓడినవాడు పనికి రాడా?"

"ఆయనా ఇలాగే..." అని, లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

అమ్మాయి మొహం మాడ్చుకుంది. "నువ్వైనా చెప్పు నాన్నా. ఆటకీ పనికీ ముడిపెడతారా ఎవరైనా? ఎన్నాళ్లని గేటు కాస్తారీయన?"

నేను అతని బొటనవేలే చూస్తున్నాను. ఆట ఆగినా ముందుకే నొక్కి ఉంది.

మర్నాడు పొద్దున్నే, సైరన్ మోగకముందే, అల్లుణ్ణి యార్డుకు తీసుకెళ్లాను. లారీలు ఎక్కే వాలు మధ్యలో, వీపు నావైపు పెట్టి నిలబడమన్నాను. పైనుంచి ఖాళీ డ్రమ్ము దొర్లించి, "వస్తోంది!" అని అరిచాను. కిందికి నేరుగా పరుగెత్తాడు. డ్రమ్ము పిక్కలకు తగిలి బోర్లా పడ్డాడు. లేచి నవ్వాడు. డ్రమ్మును పైకి తెచ్చి మళ్లీ దొర్లించాను. మళ్లీ. మోచేతులు దోక్కుపోయాయి. నవ్వడం మానేశాడు.

"ఇంకొక్కసారి మామయ్యా," అన్నాడు. ఇంకోసారి దొర్లించాను. నేరుగానే పరుగెత్తాడు.

సైరన్ మోగింది. కింద పడి ఉన్నవాడి నెత్తిమీంచి, గుట్ట పనికిచ్చిన హెల్మెట్ తీసి, తీసుకెళ్లి ఇప్పటి మేస్త్రీ చేతిలో పెట్టాను.