చలికాలపు అంకెలు

...లేదు, పదహారు పదహారుగానే ఉండాలి, తమ్ముడు ధర్మతేజ తన చేత్తో పెట్టిన అంకె అది, ఎదురుగా కంప్యూటరు పెట్టె విప్పుకుని కూర్చున్న అమరేశ్ ఇప్పటికి మూడుసార్లు చెప్పాడు, మేడం, గివి చలికాలంల పెట్టిన నంబర్లు, గీ ఎండకు మెమరీ ఎట్ల ఆగుతది, జర వదులు చేస్తే మంచిగ నడుస్తది అని, పావని వింటూనే ఉంది, వింటూ ఒళ్లోని తమ్ముడి నోటుపుస్తకం అట్టను గోటితో గీస్తోంది, కిటికీ అవతల జవళగేర కాలువలో నీళ్లు లేవు, మేలో ఎప్పుడూ ఉండవు, తేజ చనిపోయిన డిసెంబరులో నిండుగా ఉన్నాయి, సింధనూరు నుంచి బండి మీద వస్తూ దీపం లేని వడ్ల ట్రాక్టరును వెనకనుంచి గుద్దుకున్నాడని చెప్పడానికి వచ్చినవాళ్లు ఆ గట్టు మీదే చాలాసేపు నిలబడిపోయారు, ముందు ఎవరు లోపలికి రావాలో తేలక.

ఏమిట్రా ఈ అంకెలు అని తనే ఒకసారి అడిగింది, నువ్వు క్లాసులో ప్రశ్నేసి ఎంతసేపాగుతావక్కా, ఇదీ అంతే, అడిగింది మెమరీ అందించేదాకా ఎన్ని లిప్తలు ఆగాలో ఆ లెక్క, పద్దెనిమిదిస్తే ఎవడైనా చెప్తాడు, నేను పదహారులో చెప్పిస్తా చూడు అన్నాడు, ఓల్టేజీ పెంచి మరీ చెప్పిస్తున్నావుగా, బెత్తం పట్టిన మేష్టారివే నువ్వు అంటే పడీపడీ నవ్వాడు, వేగం ఒక మెట్టు ఎక్కించడం, నాలుగు గంటలు పరీక్ష నడపడం, ఒక్క తప్పు వచ్చినా పరీక్ష మళ్లీ మొదటినుంచి, రెండు నెలలు అదే పని, అంతా పావని పదో తరగతి పిల్లల కాంతి పాఠం కోసమే, గాజు పట్టకంలోంచి తెల్లటి వెలుగు ఏడు రంగులై విడిపోయే, వాడు చేసిపెట్టిన కదిలే బొమ్మ, యంత్రానికి వేగం లేకపోతే ఒక్క బొమ్మకే పూట పట్టేది.

ఆ బొమ్మ నిన్న తెరుచుకోలేదు, మొన్న ఇంకొకటి, రోజూ తెరిచి చూసుకుని మళ్లీ భద్రపరిచేది తనే, మెమరీ తప్పు చదివితే తప్పే రాసిపెడ్తది మేడం అన్నాడు అమరేశ్ మెల్లగా, గిట్లనే ఉంచితే ఒక్కొక్కటి ఖరాబైతయి, అంకెలు కావాల్నా బొమ్మలు కావాల్నా మీరే చెప్పాలె, ఇంకా పదకొండు బొమ్మలున్నాయి, పదకొండే.

నోటుపుస్తకం తెరిచింది, ఇన్ని వేల జవాబు పత్రాలు దిద్దిన మనిషి, వరస చివర ఉన్న గడిని ఇన్నాళ్లూ చూడనే లేదు, తేదీ, అంకెలు, ఓల్టేజీ, ఆ పక్కన గది వేడి, ఆఖరి వరసలో ఇరవై ఒకటి, ఇవాళ గోడమీది వేడి కొలిచే ముల్లు నలభై ఒకటి దగ్గరుంది, మధ్యలో పేజీకి రెండు మూడు చోట్ల ఎర్ర సిరాతో వెనక్కి, వెనక్కి అని, తప్పు వచ్చిన ప్రతిసారీ ఒక మెట్టు దిగాడు, దిగినందుకు ఎక్కడా కొట్టివేత లేదు, విసుగు లేదు.

ఏం చేద్దాం మేడం అని అమరేశ్ మళ్లీ అడిగాడు, ఏం ఫర్వాలేదు, అలాగే ఉంచండి అనే అలవాటైన జవాబు నాలుక చివరిదాకా వచ్చింది, తేజ పోయిన పన్నెండో రోజునే బడికి వెళ్తే హెడ్‌మిస్ట్రెస్ గిరిజమ్మ చెయ్యి పట్టుకుని ఆరాం అదీరేన్రీ పావనీ అని అడగడం పూర్తయ్యేలోగానే ఆరాం అదీన్రీ అంది, బాగానే ఉన్నానంది, ఆ తర్వాత కొట్టు దగ్గర, బస్సులో, ఎవరడిగినా అదే, ఒక్క తప్పు లేకుండా, ఒక్క లిప్త ఆగకుండా, ఎంత నిబ్బరమో అన్నారందరూ, ఎండకు వాడిన పిల్ల తడబడితే క్లాసులో తను ఎంతసేపైనా ఆగుతుంది, తనకోసం మాత్రం ఆగలేదు, ఈసారి ఆ జవాబుకు బదులు ఏడుపొచ్చింది, అమరేశ్ తొందరపెట్టలేదు, స్క్రూడ్రైవరు పక్కన పెట్టి తల వంచుకుని కూర్చున్నాడు, కూలరు చప్పుడు, తన ఏడుపు చప్పుడు, రెండూ ఒకటిగా చాలాసేపు, పద్దెనిమిది పెట్టండి అమరేశ్ అంది చివరికి, ఎర్ర కలం తీసి తేజ వరస కింద మే, గది నలభై ఒకటి, వెనక్కి అని రాసింది, వాడుంటే ఈ వేసవికి వాడే మార్చేవాడు, ఇది ఆఖరి అంకె అని వాడెక్కడా రాయలేదు, అలా అనుకున్నది తను.