ఇంటికొచ్చిన మాస్టారు

దీపావళి సెలవులు అయిపోయినా అనిత కాలేజీకి వెళ్ళడం లేదు. అడిగితే తలనొప్పి అంటుంది. మళ్ళీ అడిగితే పెరట్లోకి వెళ్ళిపోతుంది. డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఇప్పుడు ఆపేస్తే ఇన్నాళ్ళ చదువూ పోయినట్టేనని తల్లి లక్ష్మీతులసి బెంగ. తండ్రి గంగాధర్ ముమ్మిడివరం పక్క రొయ్యల చెరువుల మీద పని చేస్తాడు. "ఆడపిల్ల సంగతులు నాకేం తెలుస్తాయే, నువ్వే కనుక్కో" అనేశాడు.

లక్ష్మీతులసికి తట్టిన మనిషి భాస్కర్ గారు. అమలాపురంలో అనిత చదివే కాలేజీలోనే కామర్సు లెక్చరరు. కిందటేడు తల్లిదండ్రుల్ని పిలిచి ఆడపిల్లల రక్షణ గురించి సభ పెట్టినప్పుడు మైకు ముందు నిలబడి, "ఏ కష్టం వచ్చినా సిగ్గుపడకుండా నాతో చెప్పమనండి, వాళ్ళు నా కూతుళ్ళే" అన్నది ఆయనే. ఆ మాటకి లక్ష్మీతులసి కళ్ళు తుడుచుకుంది. అడిగి మరీ నంబరు తీసుకుంది.

ఫోన్ చేస్తే ఆయన ఎంతో ఓపిగ్గా విన్నాడు. "కంగారు పడకండమ్మా. ఆదివారం నేనే వచ్చి మాట్లాడతాను."

"అయితే భోజనం మా ఇంట్లోనే అండీ" అంది వెంటనే. అనితకి మాత్రం చెప్పలేదు. చెబితే ఏ స్నేహితురాలింటికో పోతుందని భయం.

ఆదివారం మధ్యాహ్నం ఆయన బండి దిగేసరికి గంగాధర్ గేటు దాకా ఎదురెళ్ళాడు. కాళ్ళకి నీళ్ళిచ్చారు. కొత్త చాప పరిచి అరిటాకులు వేశారు. మాస్టారి పక్కన గంగాధర్ కూడా కూర్చున్నాడు.

"రొయ్యలు మా చెరువులోవేనండీ, పొద్దున్న పట్టినవి."

"వాసనే చెప్తోందండి" అని నవ్వాడు మాస్టారు.

లక్ష్మీతులసి పెరటి గుమ్మంలోకి వెళ్ళి కేకేసింది. "అనితా! ఎవరొచ్చేరో చూడు. బట్టలు తర్వాత ఆరేద్దువుగాని."

చేతులు తుడుచుకుంటూ వచ్చిన అనిత గుమ్మం దగ్గరే ఆగిపోయింది. మొహంలో నెత్తురు లేదు. సిగ్గనుకుంది తల్లి. ఇగురు గిన్నె చేతిలో పెట్టి, "మీ మాస్టారికి నీ చేత్తో వడ్డించు. అలా గుంజలా నిలబడతావేంటి?" అని వీపు మీద చెయ్యి వేసి ముందుకి నెట్టింది.

అనిత ఆకుకి దూరంగా గిన్నె కింద పెట్టేసింది.

"అదేం వడ్డనే!" అన్నాడు గంగాధర్.

"పోనివ్వండి. కాలేజీలోనూ ఇంతే, ఊరికే ముడుచుకుపోతుంది" అంటూ మాస్టారు గరిటె కోసం ఎడం చెయ్యి చాపాడు. ఆ చెయ్యి గరిటె దగ్గర ఆగకుండా అనిత మణికట్టు మీద పడింది. "ఏమ్మా, ఇంట్లో వాళ్ళని ఇంత బాధపెట్టొచ్చా?"

అనిత చెయ్యి లాక్కుంది.

"ఇలాగే పట్టుకున్నాడమ్మా. స్టాఫ్ రూములో. తలుపేసేసి. ఇంటర్నల్ మార్కులు వెయ్యాలంటే..."

అనిత మెడ దగ్గర చున్నీని గట్టిగా గుప్పిట పట్టుకుంది. పట్టుకున్న తీరు చూస్తే మిగతాది లక్ష్మీతులసికి తెలిసిపోయింది.

గంగాధర్ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. ఎటు చూడాలో తెలియక, "నువ్వు లోపలికెళ్ళమ్మా" అన్నాడు.

"నేనెందుకెళ్ళాలి నాన్నా?"

భాస్కర్ మాత్రం తల ఎత్తలేదు. కాదనలేదు, కోప్పడనూ లేదు. అన్నం మధ్యలో గుంట చేసుకుని, "ఈ వయసు పిల్లలు ఏవేవో ఊహించుకుంటారండి. తీరిగ్గా మాట్లాడుకుందాం. కాస్త చారు వెయ్యండమ్మా" అన్నాడు.

లక్ష్మీతులసి చారు వేసింది.

వేసిన తర్వాత తన చేతికేసి చూసుకుంది. గరిటెలోంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి. కూతురు అంత మాట చెప్పిన తర్వాత కూడా ఈ చెయ్యి వడ్డించింది! గరిటె వదిలేసి వంగి, అతని ముందున్న ఆకు రెండు చేతులా పట్టుకుని లాగేసింది. చారు చాప మీదికీ, అతని ప్యాంటు మీదికీ పారింది.

"ఏమేవ్!" గంగాధర్ గావుకేక పెట్టాడు. "తింటున్న మనిషి ముందు ఆకు లాగేస్తావా?"

"లే" అంది ఆమె భాస్కర్‌తో. జీవితంలో ఏ అతిథినీ ఆ మాట అనలేదు. "లేచి బయటికి నడువు."

అతను ఎంగిలి చెయ్యి కూడా కడుక్కోకుండా లేచాడు. "మీ పిల్ల పేరే బజార్న పడుతుంది, ఆలోచించుకోండి" అన్నాడు మెల్లిగా. గంగాధర్ వెనకాలే గేటు దాకా వెళ్ళాడు. కొడతాడేమోనని లక్ష్మీతులసి కిటికీలోంచి చూస్తోంది.

"జాగ్రత్తగా వెళ్ళండి, ఆయ్" అన్నాడు గంగాధర్.

బండి వీధి మలుపు తిరిగాక గానీ తనన్నదేంటో అతనికి తెలియలేదు. గేటు పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

లోపల తల్లి కూతురి దగ్గరికి వెళ్ళబోయి ఆగింది. ముట్టుకోవచ్చో లేదో తెలియలేదు. "నాకెందుకు చెప్పలేదే?"

"చెబుదామనే వచ్చేను. పేరెత్తగానే, అంత మంచి మనిషి ఉండరన్నావు."

"నేనే పిలిచి..."

"పిలిచేవు. నా చేతికి గిన్నె కూడా ఇచ్చేవు." అనిత మణికట్టు తుడుచుకుంది. "అది నేనిప్పుడే మర్చిపోలేనమ్మా."

"వద్దు. మర్చిపోకు." లక్ష్మీతులసి గోడకి ఆనుకుంది. "ఇంకెవరికైనా చెప్పేవా?"

"మెర్సీ మేడమ్‌కి. కంప్లయింట్ల కమిటీలో ఉంటారు. అంతా విని, నీ తప్పేం లేదన్నారు. కంప్లయింటు ఇవ్వడం నీ ఇష్టం, ఇస్తే చివరిదాకా నీ పక్కనే ఉంటానన్నారు. ఇంట్లో మీకు తెలుస్తుందనే ఆగిపోయేను."

"తెలిసిందిగా. ఇప్పుడేం చేద్దామంటావు?"

ఆ ప్రశ్న ఇంట్లో ఎవరూ ఇదివరకు తనని అడగనట్టు అనిత తల్లికేసి చూసింది. ఫోన్ తీసింది.

"మేడమ్, నేను అనితనండి. రేపు వస్తాను. ఇస్తాను."

గుమ్మంలో గంగాధర్ నిలబడి ఉన్నాడు. లోపలికి రావడానికి మొహం చెల్లలేదు. "నేనూ వస్తానమ్మా, కాలేజీకి."

"రా నాన్నా. అక్కడతను కనిపిస్తే మాత్రం నమస్కారం పెట్టకు."

"ఆయ్" అన్నాడు గంగాధర్, పెద్దవాళ్ళతో అన్నట్టుగా.