విప్పి తీసుకెళ్లగల గది

నేను ఒక గదిని. ఇల్లు అనిపించుకునేంత దాన్ని కాను. మరో గది పక్కనో, నెత్తినో కూర్చుంటేనే నాకు ఇంటి హోదా. చర్లపల్లిలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నా ఎముకలు ఉక్కు, ఒళ్లు వరిగడ్డి. కోతలయ్యాక పొలంలో తగలబెట్టే గడ్డిని వేడి మీద అదిమి పలకలు చేసి, సున్నం పూసి నా గోడలు నిలబెట్టారు. చూడవచ్చినవాళ్లందరూ ముందు వేలి కణుపులతో నన్ను తట్టి చూసేవారు. ఇటుక గోడను ఎవరూ తట్టరు. దాన్ని పేరు విని నమ్మేస్తారు.

నన్ను గీసిన మనిషి వకుళ. ఇళ్లు గీయడం ఆమె వృత్తి. పట్నంలో ఏ వీధిలో చూసినా నిక్షేపంలాంటి ఇళ్లను కూలగొట్టి మళ్లీ కట్టడం చూసి విసిగిపోయింది. "కూలిస్తే మిగిలేది దుమ్ము. విప్పితే మిగిలేది ఇల్లు," అనేది షెడ్డులో పనివాళ్లతో. అందుకే నన్ను మేకులతో కాక బోల్టులతో బిగించింది. ఇరుకు గల్లీల్లో లారీ మీద పట్టేటట్టు కొలతలు పెట్టింది. మనుషులు పెరిగితే ఇంటికి ఒక గది చేర్చుకోవాలి, అక్కర్లేకపోతే విప్పి అక్కర ఉన్నవాళ్లకు పంపాలి. ఇంతే ఆమె సిద్ధాంతం. మంచి సిద్ధాంతమే. తన మీదే రుజువు చేసుకోవలసి వస్తుందని ఆమెకెలా తెలుస్తుంది?

బోడుప్పల్‌లో ఆమె, ఆమె భర్త సుధన్వ నాలాంటి రెండు గదుల ఇంట్లో ఉండేవారు. అతను జూనియర్ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పేవాడు. మాట నెమ్మది, నవ్వు తొందర. వకుళ కడుపుతో ఉందని తెలిశాక మూడో గదిగా నన్ను మొదలుపెట్టారు. నా కిటికీని మోకాలి ఎత్తులో గీస్తే షెడ్డు మేస్త్రీ ఆగి అడిగాడు.

"ఇంత కిందికా మేడం? కొలత తప్పిందేమో చూస్కోండ్రి."

"తప్పలేదు. నిలబడటం నేర్చుకున్న రోజే దానికి వీధి కనబడాలి," అంది.

క్రేను యాదగిరి నన్ను కరెంటు తీగల మీదుగా లేపి ఆ రెండు గదుల నెత్తిన దించిన రోజు వీధివీధంతా బయటికొచ్చి చూసింది. గాలొస్తే ఎగిరిపోతుందని ఒకాయన, చెదలు తినేస్తాయని ఇంకొకాయన తీర్పు చెప్పారు. సుధన్వ నా గోడలకు తనే లేత పసుపు రంగు వేశాడు. వేస్తూ ఒక పేరును రకరకాలుగా పలికి చూసుకునేవాడు. ఆమని. ఆమనీ. ఆమనమ్మా.

ఎనిమిదో నెలలో ఒక పొద్దున కడుపులో కదలిక ఆగిపోయింది. ఆసుపత్రి నుంచి ఇద్దరూ వట్టి చేతులతో తిరిగొచ్చారు.

పలకరించడానికి వచ్చినవాళ్లు కింది గదుల్లో కూర్చుని, "మళ్లీ పుడతార్లే," అన్నారు. ఆ ఇద్దరికీ కావలసింది మళ్లీ పుట్టేవాళ్లు కాదన్న సంగతి గడ్డిగోడనైన నాకే తెలిసింది. పోతూ పోతూ పైకి చూసి, ఇదీ గడ్డిదేనా అని అడిగి వెళ్లారు.

తరవాత వకుళ నా మెట్లు ఎక్కలేదు. సుధన్వ మాత్రం కాలేజీ నుంచి రాగానే నేరుగా పైకి వచ్చి, ఆ కిటికీ పక్కన నేల మీద కూర్చునేవాడు. కింద ఆమె గిన్నెలు సర్దుకుంటున్న చప్పుడు వినబడేది. మధ్యన ఉన్నది నా నేలపలక ఒక్కటే. అయినా ఒకరి ఏడుపు ఒకరికి చేరలేదు.

ఏడాది తిరిగాక ఆమె నన్ను ఇచ్చేయాలని నిశ్చయించింది. వారాసిగూడలో ఒక మేడ మీద కుట్టుపని చేసుకునే బాలమణి రేకుల పందిరి గాలివానకు లేచిపోయిందట.

క్రేను వచ్చిన రోజు సుధన్వ లోపల కూర్చుని దిగలేదు. బోల్టులు విప్పడానికి పానా పట్టుకుని వకుళ మెట్ల దగ్గర నిలబడింది. యాదగిరి సంగతి గ్రహించి ఇంజను ఆపేశాడు.

"సారు దిగినంకనే లేపుదాం మేడం. నాకేం తొందర్లేదు," అని చెట్టు నీడకు పోయాడు.

ఆమె పైకి వచ్చింది. పసుపు రంగు ఆరాక నా లోపలికి రావడం అదే మొదటిసారి. గోడకు ఆనుకుని అతని పక్కన కూర్చుంది.

"ఇది పోతే అది ఎక్కడా లేనట్టే వకుళా," అన్నాడతను.

"ఇది ఉంటే రోజూ నెత్తి మీద మోస్తున్నట్టుంది సుధా. నావల్ల కావట్లేదు."

"ఒక్కసారైనా దాని పేరు అన్నావా నువ్వు?"

"నేను దాని ముఖం చూశాను. నువ్వు చూడలేదు," అంది. "నాకు పేరుతో పాటు ముఖం కూడా వస్తుంది."

అతను రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు. ఆమె అతని వీపు మీద చెయ్యి వేసింది. కాసేపటికి అతను లేచి, ఆమె చేతిలోంచి పానా తీసుకుని మొదటి బోల్టు తనే విప్పాడు. ఆమె గీసినట్టే నేను ఎక్కడా పగలకుండా, ఒక్క పెచ్చు కూడా రాలకుండా ఊడి వచ్చాను. ఇంత తేలిగ్గా ఊడి రాకుండా ఉంటే బాగుండుననిపించింది.

బాలమణి మేడ మీద నేను బాగానే బతికాను. పొద్దంతా మిషను చప్పుడు, జాకెట్లు, గౌన్లు. మరుసటి వానాకాలం నా పైకప్పు మూల చెమ్మ దిగుతోందని కబురు పెడితే, చూడటానికి వకుళ ఒక్కతే వచ్చింది.

"సారు రాలేదా అమ్మా?"

"ఆయన వరంగల్లో ఉంటున్నారు. నేనిక్కడ."

చెమ్మ ఆనవాలు చూసి, అతుకు సరిచేసి వకుళ చేతులు తుడుచుకుంటుంటే, బాలమణి మిగిలిన పూల చీటీగుడ్డ ముక్క ఒకటి చేతికి తీసుకుని అడిగింది.

"పిల్లలున్నరామ్మా మీకు?"

వకుళ తలుపు వైపు చూసింది. "ఒక పాప," అంది.

"అయ్యో, ఉట్టిచేతుల్తోని ఎట్ల పోతరు? ఇగో, చిన్న గౌను కుట్టి ఇస్త. ఎన్నేండ్లు?"

"రెండు," అంది వకుళ. "మొన్ననే నిండాయి."

"సన్నగుంటదా, బొద్దుగనా?"

"సన్నగానే. వాళ్ల నాన్న పోలిక."

బాలమణి కత్తెర తీసింది. వకుళ స్టూలు మీద కూర్చుని, గుడ్డ తెగడం, చేతులు అతకడం, అంచు మడవడం కన్నార్పకుండా చూసింది. నాకు నోరుంటే ఏమనేదాన్నో నాకే తెలియదు. గౌను పూర్తయ్యాక ఆమె దాన్ని ఒళ్లో పరుచుకుని మడతలు సరిచేసింది. మెడ దగ్గర తెగకుండా మిగిలిన దారప్పోగును పళ్లతో కొరికి తీసింది. పిల్లకు గుచ్చుకుంటుందని.