నిండకముందే కదిలిన బస్సు

పొద్దున్నే ఆటో కడగడం స్వర్ణ పని. సీట్లు తుడిచి, అద్దానికి పసుపుబొట్టు పెట్టి, తడి చేతులతోనే పొయ్యి దగ్గరికి పరుగెత్తేది. ఆటో భర్త వీరేశానిది. అందులో ఆమెకు మాత్రం జాగా లేదు. కిరాయి మనిషి ఒక్కరు ఎక్కువొస్తే చాలు, "నువ్వు దిగు. ఇంటిదానివే గదా, రేపు పోదువు" అనేవాడు. ఆమె దిగేది.

ఆ ఊరికి వేరే బండి లేదు. గుట్ట కింద ముప్పై గడపలు. ఆటో నిండితేనే కదులుతుంది, ఉన్నదే కొద్దిమంది కనుక నిండేసరికి బాగా పొద్దెక్కేది. మర్రిగూడ హాస్టల్లో వంటపని అట్లాగే ఒకసారి ఆమె చెయ్యిజారింది. సోమవారం నుంచి మళ్లీ రమ్మంది వార్డెన్. "ఈసారి గూడ పిల్లల టిఫిన్ అయినంక వస్తే, ఇగ రాకు."

ఆదివారం ఊరికి మొదటిసారి బస్సొచ్చింది. బంతిపూల దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు. బస్సు నుదుటికి స్వర్ణే కుంకుమ పెట్టింది. ఆ తరువాత అందరూ బస్సు నీడలో ముచ్చట్లకు దిగారు. నిండినాక ఎక్కుదామని. ముందే ఎక్కి లోపల ఉడికిపోవడం దేనికి? ఆటోకు అలవాటుపడ్డ ప్రాణాలు మరి. డ్రైవరు గడియారం చూసుకుని బండి తీశాడు. దండతో, కుంకుమతో బస్సు ఖాళీగా వెళ్లిపోయింది. వెనకాల ఉరికిన వాళ్లతో కండక్టరు మల్లిక అన్నది: "రేపు గూడ గిట్లనే పోతే మా డిపో సారు బంద్ పెడ్తడు. మీ ఊర్ల మందే లేరంటున్నడు."

"ఆటోవాని పెండ్లామే బస్సెక్కితే నా బండి ఎవరెక్కుతరు?" రేపు బస్సుకే పోతానని స్వర్ణ అంటే, ఆ రాత్రి అన్నం కలుపుకుంటూ అన్నాడు వీరేశం.

"మొగని కూట్ల మన్ను పోస్తవా ఏందే?" అంది అత్త ఈదమ్మ. "నేను ఎన్నడన్న అడగకుండ ఊరు దాటిన్నా?"

స్వర్ణ పులుసు వడ్డించింది. ఈ పులుసు ఎవరు కాచారు, ఆ ఆటో ఎవరు కడుగుతున్నారు అని ఆ ఇంట్లో ఎవరూ అడగరు. అదే చేతులకు ఊరవతల జీతం ఇస్తామంటున్నారు, పేరు పెట్టి పిలుస్తామంటున్నారు. భయపడాలి కదా, ఎందుకు భయం వేయడం లేదు? జాతరకు పోయే ముందు చిన్నపిల్లకు ఉండే హుషారుగా ఉంది. గిన్నెలు తోముతుంటే నవ్వొచ్చింది, అత్త చూడకుండా తల వంచుకుంది.

సోమవారం బస్సు ఆగీ ఆగకముందే ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. లోపల ఆమె ఒక్కతే. కింద ఆడవాళ్లంతా వీరేశం మొహం చూస్తూ నిలబడ్డారు.

"అమ్మా, దాన్ని దింపుకరాపో" అన్నాడతను తల్లితో.

ఈదమ్మ కమ్మీ పట్టుకుని పైకెక్కింది. "దిగే, ఊరంత చూస్తాంది."

"చూడనీ అత్తా. నేను జీతానికి పోతున్న. దిగను."

ఆ మాట కిందికి వినిపించింది. పక్కింటి జానమ్మ కొంగు దోపుకుని ఎక్కింది. ఆమె వెనక పుష్పమ్మ, పుష్పమ్మ వెనక గంపలతో, పిల్లలతో ఇంకా కొందరు. ఆ తోపులాటలో ఈదమ్మ కోడలి పక్క సీట్లో కూలబడింది. బస్సు కదిలింది.

"అమ్మా, నువ్వెటు పోతున్నవే, దిగు" అంటూ వీరేశం పక్కనే ఉరికాడు. ఈదమ్మ అటు తిరగలేదు. కిటికీ గాలికి ఆమె తెల్ల వెంట్రుకలు లేచాయి.

"ఆడోళ్లకు ఫ్రీ, ఆధార్ కార్డు సూపియ్యుండ్రి, సున్నా టికెట్టు కొడ్త" అంటూ మల్లిక వచ్చింది. "అవ్వా, నీకున్నదా?"

ఈదమ్మ బొడ్లోంచి చిన్న సంచి తీసింది. ముడి విప్పి, కార్డు చేతిలో పెట్టింది.

స్వర్ణ కార్డు వంకా, అత్త వంకా చూసింది. "దింపనీకి వచ్చినోళ్లు కార్డు తెచ్చుకుంటరా అత్తా?"

"రమ్మనేటోళ్లు లేక గానీ" అంది ఈదమ్మ బయటికి చూస్తూ, "నేను నిన్ననే ఎక్కేదాన్ని."