అమ్మ పాత్ర మార్చవలెను

ఆ వంటింటికి మూడు గోడలే ఉన్నాయి. నాలుగో గోడ ఉండాల్సిన చోట కెమెరా ఉంటుంది. కుళాయి ఉంది కానీ నీళ్ళు రావు. పొయ్యి ఉంది కానీ వెలగదు. కిటికీలోంచి కనిపించే చెట్టు గుడ్డ మీద వేసిన బొమ్మ. గిన్నెలో పాలు కూడా సుద్ద కలిపిన నీళ్ళే. పనిలో చేరిన మొదటి రోజు ఆ అమ్మాయి దాహమేసి కుళాయి తిప్పితే అది ఊడి చేతిలోకి వచ్చింది. అందరూ పకపకా నవ్వారు. అప్పటినుంచి ఇక్కడ ఏది నిజమో ఏది ఉత్తుత్తిదో అడిగి తెలుసుకున్నాకే ముట్టుకోవాలనుకుంది. అయితే అడగడానికి నోరు పెగలాలి కదా. అందుకని ఏదీ ముట్టుకోవడమే మానేసింది.

ఆమెను ఇక్కడికి తెచ్చింది పిన్ని. ఆ టీవీ సీరియల్‌లో ఎనిమిదేళ్ళుగా అమ్మ వేషం పిన్నిదే. సీన్ల వివరాలు రాసే ఆవిడ పురిటికి వెళితే, ఆ ఖాళీలో పిన్ని తన అక్క కూతుర్ని ముందుకు తోసింది.

"పల్లెటూరి బడిలో చదివింది మేడమ్. నోట్లోంచి మాట రాదు గానీ, అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉంటాయి."

"మాట రాని మనిషే కావాలమ్మా నాకు," అంది డైరెక్టర్ మేడమ్. "మాట వచ్చినవాళ్ళతో వేగలేక చస్తున్నాను. పది రోజులు చూస్తా. పనికొస్తే ఉంచుకుంటా."

పని వినడానికి తేలికే. ఒక సీను ఒకే రోజు పూర్తి కాదు. ఇవాళ సగం, రేపు సగం తీస్తారు. ఇవాళ అమ్మ ఏ చేత్తో గిన్నె పట్టుకుందో, శాలువా ఏ భుజం మీద ఉందో, జుట్టు చెవి వెనక ఉందో ముందుందో అన్నీ రాసి పెట్టుకోవాలి. లేకపోతే గిన్నె ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి దానంతటదే దూకేస్తుంది, చూసేవాళ్ళు తిడతారు. మారనివి పెన్నుతో, మారేవి పెన్సిల్‌తో రాయాలని పురిటికి వెళ్ళిన ఆవిడ చెప్పి వెళ్ళింది. చివర 'రేపటికి' అని ఒక పేజీ ఉంటుంది. మేడమ్ చెప్పినవి అందులో రాయాలి. సాయంత్రం మేనేజర్ గారు అది చదివి, రాసినవన్నీ పొద్దున్నకు సిద్ధం చేస్తారు. ఎందుకు, ఏమిటి అని అడగరు. ఒకసారి అడిగితే మేడమ్, "చదువు రాదా నీకు?" అని అందరి ముందూ అందిట.

ఆ అమ్మాయికి ఆ పుస్తకం అంటే ప్రాణం. చిన్నప్పటినుంచీ డైరీ రాస్తుంది కనుక, చూసింది రాయడం ఆమెకు ఊపిరి తీసుకున్నంత సులువు. ఒక్కటే చిక్కు. బడిలో తెలుగు మాస్టారు, నోటితో అనేది వేరు, కాగితం మీద పెట్టేది వేరు అని నూరిపోశారు. 'గిన్నె' అని రాస్తే ఎర్ర గీత కొట్టి పైన 'పాత్ర' అని దిద్దేవారు. అందుకని ఆమె పుస్తకంలో కుర్చీ 'ఆసనము', తలుపు 'ద్వారము'. మేనేజర్ గారు మూడోనాడే ఆమెకు 'పంతులమ్మ' అని పేరు పెట్టేశారు.

తొమ్మిదోనాడు సాయంత్రం లైట్లు ఆర్పుతుండగా మేడమ్ హడావుడిగా వెళ్ళిపోతూ చెప్పింది: "రాసుకో. అమ్మ గిన్నె మార్చాలి. బాగా పాతబడిపోయింది, సొట్టలు పడింది, లైటు పడుతున్నా మెరుపే లేదు. రేపటికి కొత్తది కావాలి. కాస్త సన్నగా, నాజూగ్గా ఉండేది."

పంతులమ్మ రాసింది. 'సొట్ట'ను బడి తెలుగులో ఏమంటారో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అడగడానికి మొహమాటం. ఆ ఒక్క మాట వదిలేసింది.

మర్నాడు పొద్దున్నే పిన్నీ తనూ బస్సు దిగి వచ్చేసరికి మేకప్ గదిలో పిన్ని కుర్చీలో ఇంకొకావిడ కూర్చుని ఉంది. ఆవిడ భుజాల మీద ఊదారంగు శాలువా ఉంది. అమ్మ శాలువా! ఎనిమిదేళ్ళుగా పిన్ని తప్ప ఎవరూ కప్పుకోనిది. ఆవిడ అద్దంలో వీళ్ళను చూసి, లేవాలో కూర్చోవాలో తెలియనట్టు సగం లేచి ఆగిపోయింది.

పిన్ని గుమ్మంలోనే నిలబడిపోయింది. "మేనేజర్ గారూ," అని పిలిచింది నెమ్మదిగా.

మేనేజర్ గారు వచ్చి, పిన్ని ముఖం తప్ప గదిలో ఉన్నవన్నీ చూశారు. "రాత్రే ఫోన్ చేద్దామనుకున్నానమ్మా. ఎలా చెప్పాలో తెలీక... మేడమ్ ఆర్డరు. నా చేతుల్లో ఏముంది చెప్పండి."

"నిన్న సాయంత్రం కూడా బాగా చేశానన్నారే."

"నాకూ అదే అర్థం కావట్లేదు. సగం సీనులో ఏమిటిది అనుకున్నా. అడిగితే మళ్ళీ చదువు రాదా అంటారు."

పిన్ని సెట్‌లోకి వెళ్ళి ఆ ఉత్తుత్తి వంటింట్లో పీట మీద కూర్చుంది. ఆ అమ్మాయి పక్కనే నిలబడింది. ఆమెకు అంతా అయోమయంగా ఉంది. నిన్న తనూ ఇక్కడే ఉంది కదా. మేడమ్ పిన్నిని ఒక్క మాట కూడా అనలేదు. తను వినకుండా ఏమైనా జరిగిందా? లేక వింటూ కూడా అర్థం చేసుకోలేకపోయిందా? ఇక్కడ మనుషులు నవ్వుతూ మాట్లాడేది కూడా ఆ కుళాయి లాంటిదేనా?

"నిజం చెప్పు," అంది పిన్ని. "నా గురించి ఏమైనా అందా?"

"లేదు పిన్నీ."

"నీ ఉద్యోగం పోతుందని దాచకు."

"ఒట్టు పిన్నీ."

"మరి ఎందుకే? నలభై ఆరేళ్ళొచ్చాయి. ఇది పోతే నన్ను ఇంకెవరు పిలుస్తారు? రోడ్డు మీద కూడా జనం నన్ను అమ్మా అనే పిలుస్తారు. నా అసలు పేరు నాకే సరిగా గుర్తు రాదు." నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. నిన్న కత్తికి తెగిన వేలికి చుట్టిన గుడ్డను విప్పుతూ, మళ్ళీ చుడుతూ కూర్చుంది.

ఇంతలో మేనేజర్ గారు దగ్గరకొచ్చి, ఓదార్పు అనుకునే చెప్పారు. "మీ నటనకు వంక పెట్టలేదమ్మా. పాతబడిపోయిందిట, కాంతి తగ్గిందిట. సన్నగా, నాజూగ్గా ఉండేది కావాలిట. అయినా మనిషిని పట్టుకుని 'కొత్తది' అని రాయించడం నాకూ నచ్చలేదనుకోండి."

సన్నగా. నాజూగ్గా.

ఆ మాటలు ఆ అమ్మాయికి తెలిసినవే. గబగబా పుస్తకం తెరిచింది. ముత్యాల్లాంటి అక్షరాలే, ఒక్క కొట్టివేత లేదు.

'అమ్మ పాత్రను మార్చవలెను. మిక్కిలి పాతబడినది. కాంతి తగ్గినది. రేపటికి కొత్తది, కాస్త సన్నగా, నాజూకుగా ఉండునది కావలెను.'

దాని పక్క పేజీలోనే సీను వివరాలున్నాయి. 'పాత్రలు: అమ్మ, కూతురు.' ఆమె రెండు పేజీలూ మార్చి మార్చి చూసింది. రెండూ ఒకే మాట. రెండూ తను రాసినవే. నిన్నటిదాకా ఆ మాటలో గిన్నె తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఇప్పుడు ఎంత చూసినా పిన్ని తప్ప గిన్నె కనిపించడం లేదు.

చెప్పాలి. కానీ ఎవరికి? పిన్నికి చెబితే, నిన్ను నేను తెచ్చినందుకా అంటుంది. మేనేజర్ గారికి చెబితే ఆయన ఉద్యోగం మీదకొస్తుంది. ఏమో, ఇప్పటికే మించిపోయిందేమో. అంతలో మేడమ్ రానే వచ్చింది. లైట్లు వెలిగాయి. కొత్తావిడ శాలువా సర్దుకుంటూ వచ్చి గడప దగ్గర నిలబడింది.

"ఈవిడెవరు?" అంది మేడమ్.

"అమ్మ, మేడమ్," అన్నారు మేనేజర్ గారు.

"ఎవరమ్మ?"

"మన అమ్మే మేడమ్. కొత్తది... కొత్తావిడ. మీరే మార్చమన్నారు కదా."

"నేనెప్పుడన్నాను?"

పిన్ని పీట మీంచి లేచింది. ఎవరో సన్నగా, "గిన్నె," అన్నారు. అన్నది తనేనని ఆ అమ్మాయికి ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది.

"ఏంటి?"

"గిన్నె మేడమ్. నేను పాత్ర అని రాశాను. గిన్నెనే. సొట్టకు మాట తెలీలేదు, రాయలేదు. సొట్ట అని రాసుంటే తెలిసిపోయేది." అంత పొడుగు మాట ఆ సెట్‌లో ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. పుస్తకం మేడమ్ చేతికిచ్చింది.

మేడమ్ పైకి చదివింది. "మిక్కిలి పాతబడినది..." కెమెరా వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మేడమ్ కూడా నవ్వింది, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంటూ కొత్తావిడ వైపు చూసి ఆగిపోయింది. ఆవిడ ఒక్కతే నవ్వలేదు. శాలువా అంచు గట్టిగా పట్టుకుని నిలబడి ఉంది.

"నువ్వేం చేస్తుంటావమ్మా?"

"నాటకాలండీ. పన్నెండేళ్ళు వేశాను. మా సమాజం మూసేసి మూడేళ్ళయింది."

"డైలాగు చదివావా?"

"రాత్రంతా చదివానండీ."

"ఒకసారి చెప్పు."

ఆవిడ గుమ్మానికి చెయ్యి ఆనించి, ఎదురుగా ఎవరూ లేకపోయినా ఎవరో ఉన్నట్టే చూసి అంది: "వెళ్ళు. నేను ఆపను. పాలు మాత్రం తాగి వెళ్ళు."

అంతే. ఎవరూ కదల్లేదు. అది బాగుంది. చాలా బాగుంది. అలా అనిపించినందుకు ఆ అమ్మాయి వెంటనే సిగ్గుపడి పిన్ని వైపు చూసింది. పిన్ని కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. అవి భయం వల్లో, ఆ మాట వల్లో తెలియలేదు. మేడమ్ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఒకసారి ఇటు, ఒకసారి అటు చూస్తోంది.

పొరపాటు అని చెబితే సరిపోతుందనుకుంది ఆ అమ్మాయి. సరిపోలేదు. మేడమ్ చేతిలోని పుస్తకం వైపు చూసింది. నిన్నటి పేజీ పెన్నుతో రాసినది, ఆమెకు కంఠతా వచ్చు.

"మేడమ్," అంది. "గిన్నె కూడా మార్చకూడదు."

"అదేంటి మళ్ళీ?"

"నిన్న అమ్మ పొయ్యి దగ్గర్నుంచి గడప దాకా ఆ గిన్నెతోనే వచ్చింది. ఎడమ చేత్తో పట్టుకుంది. చూపుడు వేలికి కట్టుంది. ఇవాళ గడప దగ్గర్నుంచే మొదలు. గిన్నె మారితే... మనిషి మారినా... నిన్నటిది కలవదు."

మేడమ్ ఆమెను ఎగాదిగా చూసింది. "మరి నిన్ననే చెప్పొద్దూ?"

"మీరు చెప్పారు కదా అని రాశాను."

"నేను చెప్పింది రాయడానికైతే నువ్వెందుకే? నేను తప్పు చెబితే ఆపడానికేగా నువ్వున్నది!" అని పుస్తకం ఆమె చేతిలో పెట్టేసింది. "సరే. సీను అయ్యేదాకా ఏదీ మారదు. గిన్నె అదే, అమ్మ అదే. శాలువా ఇచ్చెయ్యమ్మా."

సీను అయ్యాక సంగతేమిటో మేడమ్ చెప్పలేదు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

కొత్తావిడ శాలువా తీసి, మడత పెట్టి, పిన్ని చేతికిచ్చింది. పిన్ని దాన్ని విప్పి కప్పుకుంది, అంతే. గుమ్మం దాటబోతూ ఆవిడ ఆ అమ్మాయి దగ్గర ఆగింది.

"పంతులమ్మ అంటే నువ్వేనా?"

తల వంచుకుని ఊపింది.

"క్షమించమని అడగకు, నాకు ఏడుపొస్తుంది. నా నంబరు రాసుకో. మూడేళ్ళ తర్వాత పిలుపొచ్చింది. పొరపాటునైనా పర్లేదు, మళ్ళీ పిలవండి."

ఆమె రాసుకుంది. ఏ పేజీలో రాయాలో తోచక 'రేపటికి' కింద రాసింది.

సాయంత్రం బస్సులో పిన్ని కిటికీ పక్కన కూర్చుంది. మేడమ్ వెళ్ళేటప్పుడు, "పంతులమ్మా, రేపు పెందలాడే రా," అని మాత్రం అంది. అంటే ఉంచుకున్నట్టేనా? అడుగుదామనుకుంది గానీ పిన్ని ముఖం చూసి ఊరుకుంది. సంతోషించాలో ఏడవాలో తేలడం లేదు. పిన్నిని నిలబెట్టింది తనే. కింద పడేసిందీ తనే. ఇంకొకావిడను ఒక పూట అమ్మను చేసి, మళ్ళీ ఇంటికి పంపేసిందీ తనే. ఇదంతా డైరీలో ఏ తెలుగులో రాయాలి?

"ఆవిడ నంబరు రాసుకున్నావా?" అంది పిన్ని ఉన్నట్టుండి.

అబద్ధం చెప్పడం చేతకాక, "ఊ," అంది.

"చూపించు."

పుస్తకం తెరిచి చూపించింది. పిన్ని ఆ అంకెలు ఒక్కొక్కటే చదివింది. "ఎనిమిదేళ్ళ కింద నన్నూ ఇలాగే ఒక పొద్దున్నే పిలిచారు. కుర్చీలో కూర్చున్నాను. అద్దంలో చూస్తే వెనకాల ఇంకొకావిడ నిలబడి ఉంది. ఆవిడ నంబరు ఎవరూ రాసుకోలేదు."

"అప్పుడూ పొరపాటేనా పిన్నీ?"

"ఏమో. ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు." వేలి మీద కట్టు సర్దుకుంది. "పెన్సిల్‌తో రాశావేంటి?"

"మారేవి పెన్సిల్‌తో రాయమన్నారు."

"చెరిగిపోతుంది. పెన్నుతో దిద్దు."

అది కోపమో కాదో గొంతును బట్టి తెలియలేదు. ఆ అమ్మాయి సంచిలోంచి పెన్ను తీసింది. బస్సు గతుకుల్లో ఊగుతోంది. మొదటి అంకె మీద మొన పెట్టి, బస్సు ఆగేదాకా కాచుకుని కూర్చుంది.