వరదమ్మ కాఫీకి అనుమతి

తిరుచానూరులో లాడ్జీల సందు మొదట్లో ఉంటుంది వరదమ్మ టిఫిన్ బండి. ఆమె తీసే డికాక్షన్ కోసం పూలమ్మేవాళ్ళు, ఆటోవాళ్ళు, బస్సు దిగిన భక్తులు తెల్లారేసరికి వచ్చి నిలబడతారు. ఆమె మాత్రం ఆ కాఫీ చుక్క నోట్లో వేసుకుని ఏడాదిన్నర అవుతోంది. తిరుపతిలో ఒక మేడమీది గదిలో కూడే మార్మన్ అనే క్రైస్తవ సంఘంలో బాప్తిస్మం తీసుకున్నప్పుడు, వాళ్ళ నియమం ప్రకారం కాఫీ, టీ ముట్టనని మాట ఇచ్చింది. మొదటి వారం తలనొప్పికి గుడ్డ కట్టుకుని తిరిగిందే గాని మాట తప్పలేదు.

ఆ సంఘానికి అధ్యక్షుడు యోగానంద. జీతం లేని పదవి. వారమంతా నీళ్ళ మోటార్లు బాగుచేస్తాడు, ఆదివారం తెల్లచొక్కా వేసి టై కడతాడు. అన్నిటికీ మించి అతను వరదమ్మకు సొంత తమ్ముడు. ఏ బడిలో చేరాలి, ఏ పిల్లను చేసుకోవాలి, చివరికి ఆ టై ఏ రంగుదై ఉండాలి, అన్నీ ఆమే తేల్చింది.

ఒక ఆదివారం పాఠం వింటుంటే ఆమెకు గుండెలో ముల్లు గుచ్చుకుంది. తాను తాగనిది పదిమందికి పోయడం తప్పు కాదా? కూడిక అయ్యాక తమ్ముడి ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"అధ్యక్షుడు గారూ, కాఫీ అమ్మచ్చునా, అమ్మకూడదా? సెప్పండి."

యోగానంద బెదిరిపోయాడు. "గారు ఏందిక్కా? తాగకూడదని ఉండాది. అమ్మేదాన్ని గురించి యాడా లేదు. దేవుడు నీకు స్వతంత్రత ఇచ్చినాడు. ప్రార్థన చేసుకోని నువ్వే తేల్చుకో."

"నేనే తేల్చుకునేదానికి నువ్వెందుకురా ఆ కుర్చీలో?"

ఆమెకు నిజంగానే కోపం వచ్చింది. మొగుడు పోయిన ఇరవై ఏళ్ళుగా ఇంట్లో ఉప్పు దగ్గర్నుంచి అన్నీ తేల్చి తేల్చి అలిసిపోయింది. దేవుడి దగ్గరైనా ఎవరో ఒకరు చెప్తే తలూపి కూర్చుందామని ఆమె ఆశ.

హైదరాబాదులో ఉండే సంఘం పెద్ద జయరావుకు ఫోన్ చేసింది. "మంచి ప్రశ్నమ్మా. ప్రార్థన చేయండి. ఇంకా సందేహముంటే మీ అధ్యక్షుణ్ణి అడగండి" అన్నాడాయన.

మూడు రోజులు ప్రార్థన చేసింది. ఏ స్వరమూ వినిపించలేదు. గాజుల దుకాణం ఇమాంసాహెబ్ మాత్రం అడక్కుండానే చెప్పాడు: "కాఫీ మానేస్తే నీ దేవుడు సంతోషిస్తాడో లేదో తెలీదక్కా. నాకు మాత్రం తెల్లారదు."

బుధవారం కాఫీ మానేసి రాగిజావ పెట్టింది. ఇమాంసాహెబ్ ఆముదం తాగినట్టు తాగిపోయాడు. అంతలో కోలారు నుంచి వచ్చిన ఒక ముసలామె మోకాళ్ళు పట్టుకుని బండి దగ్గర ఆగింది.

"రేయంతా బస్సులో నిలబడే వచ్చినాను తల్లీ. గుక్కెడు కాఫీ పొయ్యి."

"కాఫీ లేదమ్మా. జావ తాగు."

ముసలామె గ్లాసు వాసన చూసి, నొప్పించకుండా తిరిగి ఇచ్చేసి, కుంటుకుంటూ సందు చివరి కొట్టు దాకా నడిచింది. వరదమ్మ ఆ నడకనే చూస్తూ ఉండిపోయింది. కాఫీ ముట్టనన్న మాట తన నోటికి తాను వేసుకున్న ముడి. ఆ ముసలామె ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదే! ఆమె నోరు కట్టడానికి తానెవరు? అలా అనుకోగానే మనసు తేలికపడింది. వెంటనే భయమూ వేసింది, ఇది తప్పయితే ఫలానావాళ్ళు చెప్పారని వేలు చూపడానికి ఎవరూ లేరు గదా అని. అయినా మర్నాడు జావతోపాటు డికాక్షన్ కూడా దింపింది.

వాసన ఎంత దూరం పోయిందో గాని, సాయంత్రానికి యోగానంద వచ్చాడు.

"అక్కా, నువ్వు మానేస్తావనే అనుకున్నాను. మానింటే బాగుండు."

"అడిగినప్పుడు సెప్పలా, ఇప్పుడు సెప్తాండావా? ఇది అధ్యక్షుడి మాటా, తమ్ముడి మాటా?"

యోగానంద వీధి వైపు చూశాడు. అధ్యక్షుడి మాట అంటే అక్క వింటుందేమోనని అతనికి భయం. వినదేమోనని ఇంకా భయం.

"తమ్ముడి మాటేలే."

"అట్లయితే ఆ స్టూలు లాక్కోని కూర్చో" అంది వరదమ్మ, వేడిజావ గ్లాసు అతని చేతిలో పెడుతూ. "మొగం పీక్కపోయుండాది. పొద్దున్నుంచి ఏమన్నా తిన్న్యావా లేదా?"